కంటికి వెలుతురు.. సెన్సర్‌కి చీకటి!
కుట్టుమిషన్ల ఊళ్లో పరారుణ సెన్సర్‌తో కాంతిని కొలిస్తే ఏమవుతుంది?

తళవాయిపురం (రాజపాళయం): తెల్లారితే చాలు ఈ ఊళ్లో కుట్టుమిషన్ల చప్పుడు మొదలవుతుంది. ఆడవాళ్ల నైటీలకు, లోపలి పావడాలకు తళవాయిపురం పెట్టింది పేరు. ఒక ఇంట్లో గుడ్డ కత్తిరిస్తే పక్కింట్లో కుడతారు. మరో ఇంట్లో దారాలు తెంపి, ఇస్త్రీ చేసి, మడతలు పెడతారు. పనంతా సూది మొన మీదే. ఆ సూది మీద పడే వెలుతురు చాలకపోతే ముందు కుట్టు వంకర పోతుంది, తర్వాత కళ్లు లాగుతాయి.

మరి వెలుతురు చాలుతోందా లేదా అన్నది తేల్చేదెవరు? ఇలాంటి ఊళ్లో ఎలక్ట్రానిక్స్ సరదా ఉన్న కుర్రాడికి ఇట్టే తట్టే ఆలోచన ఒకటుంది. అంగట్లో కొద్ది రూపాయలకు దొరికే ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్ తెచ్చి, ఆర్డుయినో బోర్డుకు తగిలించి, అంకె చూసుకోవడమే. ఎందరో మొదలుపెట్టేది ఇలాగే. సరిగ్గా ఇక్కడే బోల్తా కొట్టేదీ ఇందుకే.

మామ కొట్లో ఓ అల్లుడు ఇలాంటి పెట్టె ఒకటి తయారు చేశాడనుకుందాం. మిషన్‌పైన పాత 60 వాట్ల పీచు బల్బు వెలుగుతుంటే పెట్టె 700 అని చూపింది. దాన్ని తీసేసి 9 వాట్ల ఎల్ఈడీ బల్బు పెట్టగానే అంకె దబ్బున పడిపోయి 10 దగ్గర ఆగింది. ‘మామా, కొత్త బల్బు దండగ. చీకటైపోయిందంటోంది ఇది’ అంటాడు అల్లుడు. ‘ఏరా, సూదిలో దారం దూరుస్తుంటే నా కళ్లకు బాగా కనిపిస్తోంది కదరా, నీ పెట్టెకు కనిపించదా?’ అంటాడు మామ.

ఇద్దరిలో ఎవరిది నిజం? ఇద్దరిదీ నిజమే! మామ కన్ను చూసిన వెలుతురు వేరు, అల్లుడి సెన్సర్ చూసిన వెలుతురు వేరు. అదేమిటో తెలియకుండా పెట్టె మాట నమ్మితే కరెంటు బిల్లు పెరుగుతుంది, లేదంటే కళ్లు పాడవుతాయి.

లోపలి ఎరుపా.. అవతలి ఎరుపా?

రాజపాళయం చుట్టుపక్కల తెలుగు మాట్లాడే కుటుంబాల్లో పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. ఇన్‌ఫ్రారెడ్‌ను తమిళ పాఠ్యపుస్తకంలో ‘అగచ్చివప్పు’ అంటారు. అగం అంటే లోపల, శివప్పు అంటే ఎరుపు. తెలుగు పుస్తకంలో అదే ‘పరారుణం’. పర అంటే అవతల, అరుణం అంటే ఎరుపు. ఒక భాష లోపల ఉందంటుంది, ఇంకొకటి అవతల ఉందంటుంది. రెండూ చెప్పేది ఒకే కిరణం గురించి. అది ఎరుపు తర్వాత వస్తుంది, మన కంటికి కనిపించదు.

దాన్ని మొదట పట్టుకున్నది 1800లో విలియం హెర్షెల్. గాజు పట్టకంతో ఎండను రంగులుగా విడదీసి ఒక్కో రంగులో థర్మామీటర్ పెట్టి చూశాడు. ఎరుపు దాటాక, ఏ రంగూ కనిపించని చోట పెట్టిన థర్మామీటర్ కూడా వేడెక్కింది. కంటికి కనిపించనిది కూడా వెలుతురేనని అలా తేలింది.

మన కన్ను సుమారు 380 నుంచి 700 నానోమీటర్ల వరకే చూస్తుంది. అందులోనూ 555 దగ్గర, అంటే పసుపు కలిసిన పచ్చ రంగు దగ్గర బాగా చురుగ్గా ఉంటుంది. సెన్సర్లలో వాడే సిలికాన్ అలా కాదు. దానికి దాదాపు 1100 నానోమీటర్ల వరకు చూపుంది. అది అన్నిటికంటే చురుగ్గా ఉండేది 900 చుట్టుపక్కల. ఆ చోటు మన కంటికి కటిక చీకటి. టీవీ రిమోట్‌లో ఉండే ఐఆర్ ఎల్ఈడీ సాధారణంగా 940 దగ్గర వెలుగుతుంది. సెన్సర్‌కు బాగా నప్పే చోటది.

నల్లకళ్లద్దాల కిటుకు

అంగట్లో ఐఆర్ జత అడిగితే రెండు చిన్న బుడ్లు ఇస్తారు. తెల్లగా, నీళ్లలా ఉన్నది సాధారణంగా వెలుగునిచ్చే ఎల్ఈడీ. నల్లగా ఉన్నది వెలుగును పట్టే ఫొటోడయోడ్ లేదా ఫొటోట్రాన్సిస్టర్. ఆ నలుపు అందానికి కాదు. కంటికి కనిపించే వెలుతురును అడ్డుకుని పరారుణాన్ని మాత్రమే లోపలికి వదిలే జల్లెడ అది. గదిలో ట్యూబులైటు వెలిగినా ఆరినా రిమోట్ పని చెడకూడదని అలా చేస్తారు.

అంటే ఈ సెన్సర్‌ను తయారు చేసిందే మామూలు వెలుతురును లెక్కచేయకుండా ఉండటానికి. దాన్ని తెచ్చి గది వెలుతురు కొలవమనడం నల్లకళ్లద్దాలు పెట్టుకున్నవాడిని రంగులు చెప్పమన్నట్టే!

ఇక బల్బుల సంగతి. పీచు బల్బులో టంగ్‌స్టన్ తీగ 2,700 డిగ్రీల కెల్విన్ దగ్గర కాలుతుంది. అంత వేడిలో దాని కిరణాలు అన్నిటికంటే ఎక్కువగా వచ్చేది 1,070 నానోమీటర్ల దగ్గర, అంటే పరారుణంలోనే. అది తాగే కరెంటులో కంటికి పనికొచ్చే వెలుతురుగా మారేది చాలా తక్కువ. మిగతాదంతా వేడే. అందుకే నల్ల సెన్సర్‌కు పీచు బల్బు పట్టపగలు సూర్యుడిలా కనిపిస్తుంది.

తెల్ల ఎల్ఈడీ దీనికి పూర్తిగా వేరు. లోపల 450 నానోమీటర్ల దగ్గర వెలిగే నీలి చిప్పు, దానిపైన పసుపు పూత. ఈ రెండూ కలిస్తే తెలుపు. ఎరుపు దాటాక దాదాపు ఏమీ ఉండదు. ట్యూబులైటుదీ కొంచెం అటూ ఇటుగా ఇదే దారి. 2015 జనవరి 5న కేంద్రం ఉజాలా పథకం ప్రారంభించాక దేశమంతా ఇంటింటా ఎల్ఈడీ బల్బులు వెలిగాయి. పాత బల్బుల కాలంలో ఎంతోకొంత పనిచేసిన ఐఆర్ సెన్సర్ ప్రాజెక్టులు కొత్త బల్బుల కింద ‘చెడిపోవడానికి’ కారణం ఇదే. చెడింది సెన్సర్ కాదు. అది చూసే వెలుగే గదిలోంచి వెళ్లిపోయింది.

ఇప్పుడు మామా అల్లుళ్ల పంచాయతీ తేలిపోయింది. 60 వాట్ల పీచు బల్బు పదిగంటలకు 0.6 యూనిట్ కాలుస్తుంది. దాదాపు అంతే వెలుతురిచ్చే 9 వాట్ల ఎల్ఈడీకి 0.09 యూనిట్ చాలు. పెట్టె మాట విని పాత బల్బు మళ్లీ తగిలిస్తే ఆరు రెట్లకు పైగా కరెంటు దండగ, తల మీద ఉక్క అదనం. తిరగేసి చూస్తే ఇంకా ప్రమాదం. మసిబారిన పీచు బల్బు కింద పెట్టె పెద్ద అంకె చూపిందని ‘వెలుతురు బాగానే ఉంది’ అనుకుంటే, నష్టపోయేది రోజంతా కుట్టే అక్కల కళ్లు.

మరి ఎంత వెలుతురు కావాలి?

వెలుతురును కొలిచే కొలత లక్స్. ఒక చదరపు మీటరు మీద ఎంత వెలుతురు పడుతుందో, అదీ మనిషి కంటి లెక్కన, చెప్పేది ఇది. నిండు పున్నమి వెన్నెల ఒక లక్స్ కూడా ఉండదు. మిట్టమధ్యాహ్నం ఎండ లక్ష లక్స్ దాకా ఉంటుంది. కుట్టుపని, సన్న అల్లికల పనికి 750 లక్స్ ఉండాలని అంతర్జాతీయ ప్రమాణాలు చెబుతాయి. కుట్టిన గుడ్డను తనిఖీ చేసే చోట 1,000 లక్స్ ఉండాలి. మన దేశంలో 2025 దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 17వ సెక్షన్ కూడా పనిచేసే ప్రతిచోటా సరిపడా వెలుతురు ఉండాలనే చెప్పింది. ఆ చట్టం కిందకు రాని ఇంటి మిషన్‌కైనా కన్ను కన్నే కదా!

ఈ 750ని తేల్చాలంటే కన్నులా చూసే సెన్సర్ కావాలి. అందుకు మూడు దారులున్నాయి.

మొదటిది, ఎల్‌డీఆర్. క్యాడ్మియం సల్ఫైడ్‌తో చేసిన పాము మెలికల బిళ్ల. దాని చూపు కన్ను చూపుకు దగ్గరగా ఉంటుంది. కానీ నెమ్మది ఎక్కువ. వెలుతురు రెట్టింపైతే అంకె రెట్టింపు కాదు. చీకటి పడితే దీపం వెలిగించే పనికి భేష్, కొలతకు అంతంత మాత్రం.

రెండోది, బీహెచ్1750 లాంటి చిప్పు. కంటికి దగ్గరి చూపుతో, నేరుగా లక్స్ అంకెనే బోర్డుకు పంపుతుంది. కొలత 65,535 లక్స్ దాకా వెళ్తుంది. కుట్టుమిషన్ పక్కన పెట్టడానికి ఇదే సులువు.

మూడోది, టీఎస్‌ఎల్2561. ఇందులో తమాషా ఉంది. ఒకే చిప్పులో రెండు ఫొటోడయోడ్‌లు. ఒకటి కనిపించే వెలుతురు, పరారుణం రెండూ కలిపి చూస్తుంది. రెండోది ప్రధానంగా పరారుణాన్నే చూస్తుంది. రెండు అంకెలనూ పోల్చి లెక్కకడితే కంటికి కనిపించే వెలుతురు ఎంతో తేలుతుంది. ఇక్కడ పరారుణ సెన్సర్ శత్రువు కాదు, సాక్షి. ఎంత తీసెయ్యాలో అదే చెబుతుంది.

నల్లబుడ్డికి నప్పే పని

అయితే ఐఆర్ సెన్సర్ దేనికీ కొరగాదా అంటే, ఆ మాట తప్పు. గది వెలుతురు కొలవడానికి కాదు గానీ, మనమే వేసిన వెలుగు ఎంత తిరిగొచ్చింది, ఎంత ఆగిపోయింది అని కొలవడానికి దాన్ని మించింది లేదు.

ఉదాహరణకు రాజపాళయం చుట్టుపక్కల నూలుమిల్లులే చాలు. నూలులో లావు, సన్నం పట్టే యార్న్ క్లియరర్లలో ఒక రకం ఈ సూత్రం మీదే నడుస్తుంది. ఒకవైపు దీపం, మరోవైపు సెన్సర్, మధ్యలో పరుగెత్తే దారం. దారం లావైతే నీడ పెరుగుతుంది, సెన్సర్ మీద వెలుగు తగ్గుతుంది. వెంటనే కత్తెర తెగ్గోస్తుంది.

ఇంట్లో ఉండే మరో ఉదాహరణ, 2020 కరోనా కాలంలో అందరూ వేలికి తగిలించుకున్న పల్స్ ఆక్సీమీటర్. అందులో 660 నానోమీటర్ల ఎర్ర దీపం, 940 దగ్గర పరారుణ దీపం ఉంటాయి. రెండూ వంతులవారీగా వెలుగుతాయి. వేలు దాటి ఏది ఎంత వచ్చిందో చూసి రక్తంలో ఆక్సిజన్ లెక్కగడుతుంది. జపాన్ ఇంజనీరు తకువో అవోయాగి 1970ల్లో కనిపెట్టిన పద్ధతిది. కుర్రాళ్లు బ్రెడ్‌బోర్డు మీద పెట్టుకునే నల్లబుడ్డికీ దానికీ చుట్టరికం ఉంది!

రాజపాళయం దగ్గరి సత్రపట్టి బ్యాండేజీ గుడ్డకు ప్రసిద్ధి. ఆ పల్చటి గాజు గుడ్డతోనే ఇంట్లో ఓ ప్రయోగం చేసుకోవచ్చు. ఐఆర్ ఎల్ఈడీకీ సెన్సర్‌కూ మధ్య ఒక పొర పెట్టి అంకె రాసుకోవాలి. తర్వాత రెండు పొరలు, మూడు పొరలు. ఒక పొర నూటికి 70 వంతుల వెలుగు వదిలితే, రెండు పొరలు 49 వంతులు వదలాలి. 70లో నూటికి 70 అన్నమాట. గుడ్డ వెలుగును చెదరగొడుతుంది కాబట్టి లెక్క కచ్చితంగా కుదరదు. ఎంత దూరంగా కుదిరిందో చూడటంలోనే సగం పాఠం ఉంది.

తగిలించేదెలా?

ఎల్ఈడీకి 220 ఓముల రెసిస్టర్ వరసగా పెట్టి 5 వోల్టులు ఇవ్వాలి. ఐఆర్ ఎల్ఈడీ తనకు 1.2 వోల్టులు తీసుకుంటే మిగిలిన 3.8 వోల్టులకు సుమారు 17 మిల్లీ ఆంపియర్లు పారుతుంది. ఎల్ఈడీకీ బోర్డుకూ ఇబ్బంది లేని కరెంటు ఇది.

నల్ల ఫొటోట్రాన్సిస్టర్ కలెక్టర్‌ను 5 వోల్టులకు, ఎమిటర్‌ను 10 కిలో ఓముల రెసిస్టర్ ద్వారా గ్రౌండ్‌కు కలపాలి. రెసిస్టర్ పైకొన నుంచి తీగ ఆర్డుయినో అనలాగ్ కాలికి. ఫొటోడయోడ్ అయితే తిరగేసి, అంటే క్యాథోడ్‌ను 5 వోల్టుల వైపు పెట్టాలి. చాలామంది మొదటి రోజు తలపట్టుకునేది ఇక్కడే.

ఆర్డుయినో ఊనో 5 వోల్టులను 1,024 మెట్లుగా చేస్తుంది. ఒక్కో మెట్టు సుమారు 4.9 మిల్లీ వోల్టులు. అంకె 400 వస్తే 1.95 వోల్టులు. దాన్ని 10 కిలో ఓములతో భాగిస్తే సెన్సర్‌లో పారుతున్న కరెంటు 195 మైక్రో ఆంపియర్లు. అసలు కొలత ఈ కరెంటే. వెలుగుకు తగ్గట్టు మారేది అదే.

అంకె ఎప్పుడూ 1,023 దగ్గరే నిలబడితే సంబరపడక్కర్లేదు. అది కొలత కాదు, తల అటకకు తగిలిందని అర్థం. రెసిస్టర్‌ను 1 కిలో ఓముకు తగ్గించాలి. అంకె మరీ కిందే ఉంటే 100 కిలో ఓములకు పెంచాలి.

నీలం రంగు మరతో వచ్చే రెడీమేడ్ ఐఆర్ మాడ్యూల్ కొన్నవాళ్లు ఇంకొకటి గమనించాలి. దాని మీదుండే కంపారేటర్ చిప్పు ‘ఉంది’, ‘లేదు’ అని రెండు మాటలే చెబుతుంది. రిమోట్ రిసీవర్‌గా వాడే మూడుకాళ్ల టీసాప్1738 కూడా అంతే. 38 కిలో హెర్ట్జ్ వేగంతో మిణికే వెలుగును మాత్రమే గుర్తించి, తన సున్నితత్వాన్ని తానే మార్చుకుంటుంది. రెండిటికీ ‘ఎంత’ అన్న ప్రశ్న అర్థం కాదు.

ఎండను ఓడించే తీసివేత

కిటికీలోంచి ఎండ పడితే ఏ ఐఆర్ సెన్సరైనా కంగారు పడుతుంది. నేల మీద పడే ఎండ శక్తిలో దాదాపు సగం పరారుణమే మరి. దానికి మందు ఒకటో తరగతి తీసివేత. ఎల్ఈడీ ఆర్పి ఒకసారి చదవాలి. అది ఎండ వాటా. ఎల్ఈడీ వెలిగించి మళ్లీ చదవాలి. అది ఎండ, దీపం కలిసిన అంకె. రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే మన దీపం వాటా మిగులుతుంది. 620లో 380 పోతే 240. అసలు కొలత ఆ 240.

రెండో చిక్కు కరెంటు బల్బులది. మన దగ్గర కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. దానికి తగ్గట్టు చాలా బల్బులు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. కన్ను పట్టించుకోదు గానీ సెన్సర్ పట్టేస్తుంది. అందుకే అంకెలు గంతులేస్తాయి. సెకనులో పదో వంతు పాటు వంద రీడింగులు తీసి సగటు కడితే ఆ గంతులు అణిగిపోతాయి.

మూడోది దూరం. చిన్న దీపం నుంచి 10 సెంటీమీటర్లలో ఉన్న సెన్సర్‌ను 20కి జరిపితే వెలుగు సగం కాదు, పావు వంతు అవుతుంది. కాబట్టి దీపాన్నీ సెన్సర్‌నూ ఒకే చెక్కకు బిగించాలి. చేత్తో పట్టుకుని కొలిస్తే అది కొలత కాదు, అదృష్టం.

పోల్చి చూసుకుంటేనే నమ్మకం

పారదర్శకంగా ఉండే మామూలు ఫొటోడయోడ్‌తో లక్స్ కొలవాలని పట్టుదల ఉన్నవాళ్లకూ దారి ఉంది. ఒక లక్స్‌మీటర్ ఒక్క పూట చేబదులు తీసుకుంటే చాలు. మీటర్ 300 చూపిన చోట మన పెట్టె 240, మీటర్ 600 చూపిన చోట పెట్టె 480 చూపాయనుకుందాం. రెండుచోట్లా 1.25తో గుణిస్తే సరిపోయింది. అయితే ఆ 1.25 ఆ రకం బల్బుకే చెల్లుతుంది. బల్బు మారితే మళ్లీ పోల్చుకోవాల్సిందే. పెట్టె మీద కాగితం అంటించి ‘ఈ లెక్క ఎల్ఈడీకి మాత్రమే’ అని రాసుకుంటే రేపు ఇంకొకరు మోసపోరు.

ఇవి మరవొద్దు

* ఐఆర్ ఎల్ఈడీ వెలుగుతోందో లేదో కంటికి తెలియదు. సెల్‌ఫోన్ కెమెరాలోంచి చూస్తే చాలా ఫోన్లలో ఊదారంగు చుక్కలా కనిపిస్తుంది. వెనక కెమెరాలో కనిపించకపోతే ముందు కెమెరాతో చూడాలి.

* ఎక్కువ శక్తి ఉన్న ఐఆర్ దీపాలను దగ్గర్నుంచి కళ్లార్పకుండా చూడొద్దు. కనిపించని వెలుగుకు రెప్ప తనంతట తాను పడదు.

* కుట్టుమిషన్ దగ్గర కొలిచేటప్పుడు సెన్సర్‌ను సూది పక్కనే గుడ్డ మీద పెట్టాలి. గోడకో కప్పుకో పెట్టిన కొలత కుట్టేవాళ్లకు పనికిరాదు. తల నీడ, చెయ్యి నీడ పడేలా మనిషిని కూర్చోబెట్టి మరీ కొలవాలి.

* 230 వోల్టుల తీగల జోలికి పోవద్దు. కొలిచే పెట్టెకు బ్యాటరీ చాలు.

బజారులో వంద రూపాయలకు సెన్సర్ దొరుకుతుంది, అంకె కూడా దొరుకుతుంది. కానీ ఆ అంకె దేనికి సంబంధించిందో ఎవరూ పొట్లం కట్టి ఇవ్వరు. ‘నీ పెట్టెకు కనిపించదా?’ అని మామ అడిగిన ప్రశ్నే అల్లుడికి మొదటి పాఠం. పెట్టెకు ఏం కనిపిస్తుందో ముందు తెలుసుకుని తర్వాత కొలిస్తే, సూది మీద 750 లక్స్ పడుతుంది. కుట్టు తిన్నగా సాగుతుంది. సాయంత్రానికి అక్కల కళ్లూ చల్లగా ఉంటాయి.